మా ముసలి కుక్క నా పక్కన కూర్చునేది ధ్యానమేనా? బౌద్ధం ఏమంటుంది

సుజాత_సత్తెనపల్లి
ఎనిమిదేళ్ల కింద పదిరోజుల విపశ్యన కోర్సు చేసొచ్చినప్పట్నించి రోజూ పొద్దున్నే గంటసేపు కూర్చుంటా. మా బుజ్జి (వీధికుక్కే, వానలో తడుస్తుంటే ఇంటికి తెచ్చాం, ఇప్పుడు పదమూడేళ్లు) మొదటి వారం నుంచే నా చాప పక్కకి వచ్చి చేరింది. పడుకోదు, కూర్చుంటది. కళ్లు సగం మూసి, వీధిలో పాలబండి హారన్ కొట్టినా చెవి ఒక్కటే కదిలిస్తుంది, నేను లేచేదాకా లేవదు. మొన్న ఆదివారం మేమంతా కలిసి కూర్చునే చోట ఈ మాట చెప్తే ఒక పెద్దాయన అందరి ముందూ "జంతువుకి ధ్యానం ఏంటమ్మా, నీ మమకారం దానికి పులుముతున్నావ్, అదే మోహం" అనేశారు. ఇంటికొచ్చి ఏడ్చాను. బుజ్జికి కిడ్నీలు పోయాయి, డాక్టర్ గారు ఇంక కొన్ని నెలలే అన్నారు, అందుకే ఆ మాట అంత తగిలిందేమో. గ్రంథాల్లో నిజంగా ఏముంది? ఓదార్పు మాటలు వద్దు, చదివినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

డల్లాస్_శీను
మా పిల్లి కూడా నేను కూర్చుంటే వచ్చి కూర్చుంటుందండీ, కాకపోతే టైమర్ గంట మోగగానే నాకన్నా ముందు వంటింట్లో ఉంటుంది.

అభిధమ్మ_అభ్యాసి
ఓదార్పు వద్దన్నారు కాబట్టి సూటిగానే చెప్తా. థేరవాద అభిధమ్మం (పాళీ బౌద్ధంలో మనసుని విడదీసి చెప్పే శాస్త్రం) ప్రకారం జంతువుకి ఝానం, అంటే మనసు పూర్తిగా నిలిచే లోతైన ధ్యానస్థితి, రాదు. కారణం ఇదీ. ఏ జన్మలోకైనా వచ్చేటప్పుడు మొదటి చిత్తం ఒకటి ఉంటుంది, పటిసంధి చిత్తం అంటారు, బతికినంతకాలం మనసుకి అదే అడుగు. అలోభం (ఆశ లేకపోవడం), అదోసం (ద్వేషం లేకపోవడం), అమోహం (తెలివిడి) అనే మూడు వేర్లూ ఆ చిత్తంలో ఉన్నవాళ్లని తిహేతుకులు అంటారు, ఝానమైనా మార్గఫలాలైనా (విముక్తి మెట్లు) వాళ్లకే. రెండు వేర్లతో పుట్టిన మనిషికి కూడా ఈ జన్మలో అవి అందవు. జంతువు పటిసంధిలో ఒక్క వేరూ ఉండదు, అహేతుకం. మజ్ఝిమ నికాయం (సుత్తాల, అంటే బుద్ధుడి బోధల, సంకలనం) 129వ సుత్తంలో బుద్ధుడే జంతుజన్మ గురించి అక్కడ ధర్మచర్య లేదు, పుణ్యక్రియ లేదు, ఒకదాన్నొకటి తినడమే ఉంది అంటాడు. సముద్రంలో వందేళ్లకోసారి పైకి తేలే గుడ్డి తాబేలు, నీళ్లమీద కొట్టుకుపోతున్న ఒక కాడి కన్నంలో మెడ దూర్చడం ఎంత అరుదో, కిందపడ్డ వాడికి మళ్లీ మనిషి జన్మ రావడం అంతకన్నా అరుదు అనే పోలిక కూడా అక్కడిదే. మీ పెద్దాయన సిద్ధాంతపరంగా తప్పు చెప్పలేదు. అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది, అది వేరే సంగతి.

సుజాత_సత్తెనపల్లి
థ్యాంక్సండీ. ఇలాంటి జవాబే కావాలి. కష్టంగానే ఉంది గానీ.

గుట్టకింది_మల్లన్న
ఏందన్నా గట్లంటవ్. మా ఇంట్ల రెండు బర్లున్నయి. పొద్దుగాల మేత ఏసినంక చింతచెట్టు కింద పండుకొని నెమరేస్తుంటే వాటి మొహం జూడు, మనం పది కోర్సులు జేసినా గంత నిమ్మళం రాదు.

పశువుల_డాక్టరు
మల్లన్నా ఆ నిమ్మళం నిజమే, దాని గురించి నేను చెప్పగలను. ఆవులు గేదెలు రోజుకి ఏడెనిమిది గంటలు నెమరు వేస్తాయి, ఆ టైంలో సగం నిద్ర లాంటి స్థితిలోకి కూడా జారతాయి, కళ్లు వాల్చి తల మాత్రం నిలిపి ఉంచుతాయి. శరీరం పూర్తిగా సడలి ఉంటుంది. జ్వరం గానీ నొప్పి గానీ ఉంటే ముందు ఆగిపోయేవాటిల్లో నెమరు ఒకటి, అందుకే పశువుని చూడ్డానికి వెళ్తే నేను అడిగే మొదటి ప్రశ్న "నెమరేస్తోందా" అనే. అది ఆరోగ్యం, ప్రశాంతత. ధ్యానమా అంటే నా చదువు దానికి జవాబు చెప్పదు. సుజాతగారి బుజ్జి విషయంలో మాత్రం ఒకటి. కుక్క మన ఒంటి తీరుని, మన శ్వాసని చాలా బాగా పట్టుకుంటుంది. కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు చూపించారు. మీరు నెమ్మదిస్తే అది నెమ్మదిస్తుంది. ఎనిమిదేళ్ల అలవాటంటే దానికి ఆ గంట రోజు మొత్తంలో అన్నిటికన్నా భద్రమైన గంట అయ్యుంటుంది.

హేతువాది_ఏలూరు
అంతే కదా, అలవాటు. దానికి పటిసంధి, వేర్లు, ఇంత కథ అక్కర్లేదు.

పాత_పుస్తకాలు
అక్కర్లేదంటే ఎలా సార్, అడిగిందే గ్రంథాల్లో ఏముందని.

అభ్యాసి గారు చెప్పిందాంట్లో తప్పు లేదు గానీ సగమే చెప్పారు. అదే థేరవాదంలో, సతిపట్ఠాన (ఎరుకని నిలిపే సాధన) సుత్తం అట్ఠకథలోనే, అంటే పాత వ్యాఖ్యానంలోనే, ఒక చిలుక ఉంది. కురుదేశంలో అందరూ సతిపట్ఠానం చేసేవాళ్లట, నీళ్లరేవులో, నూలు వడికే చోట కూడా ఆడవాళ్లు ఒకర్నొకరు "నువ్వు ఏది మనసులో పెట్టుకుని సాధన చేస్తున్నావమ్మా" అని అడుక్కునేవాళ్లట, ఏమీ చేయట్లేదంటే చీవాట్లు పెట్టేవాళ్లట. మనుషుల మధ్య ఉండే జంతువులు కూడా చేసేవని చెప్పి ఈ కథ మొదలుపెడతాడు అట్ఠకథాకారుడు. ఊరూరా తిరిగే ఒక నటుడు చిలుకపిల్లకి మాటలు నేర్పుకుంటూ వచ్చి భిక్ఖుణీల (సన్యాసినుల) ఆవాసం దగ్గర కొన్నాళ్లుండి, వెళ్లేటప్పుడు దాన్ని మర్చిపోయి పోయాడు. చిన్న సామణేరిలు (శిష్య సన్యాసినులు) దాన్ని సాకి బుద్ధరక్ఖితుడు అని పేరు పెట్టారు. ఒకరోజు పెద్ద థేరి (సన్యాసినుల్లో పెద్దావిడ) దాన్ని పిలిచి, నీకు ఏదైనా భావన (సాధన) ఉందా అంటే లేదమ్మా అంది. సన్యాసుల దగ్గర బతుకుతూ ఊరికే ఉండకూడదు, నువ్వు ఎక్కువ చేయలేవు గానీ "అట్ఠి, అట్ఠి" అనుకుంటూ ఉండు అని చెప్పింది. అట్ఠి అంటే ఎముక. ఆ ఒక్క మాట పట్టుకుని అది తిరుగుతోంది. ఒక పొద్దున తోరణం మీద ఎండ కాచుకుంటుంటే ఒక పక్షి వచ్చి గోళ్లతో పట్టుకుపోయింది. అది కిరికిరి అని అరిస్తే సామణేరిలు మట్టిబెడ్డలు విసిరి విడిపించారు. థేరి అడిగింది, పట్టుకుపోతున్నప్పుడు ఏమనుకున్నావ్ అని. "వేరే ఏం అనుకోలేదమ్మా, ఒక ఎముకల కుప్ప ఇంకో ఎముకల కుప్పని పట్టుకుపోతోంది, ఎక్కడ చెదిరిపోతుందో అనుకున్నా" అంది. సాధు సాధు, ఇది ముందుముందు నీకు భవం తీరడానికి కారణమవుతుంది అంది థేరి.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నా. గద్ద గోళ్లలో ఉండగా భయం కాకుండా ఆ ఆలోచన రావడం, అది మనలో ఎంతమందికి వస్తుంది?

డల్లాస్_శీను
వావ్. ఇది నేను ఎక్కడా వినలేదు.

అభిధమ్మ_అభ్యాసి
ఆ కథ నాకూ ఇష్టమే. కానీ థేరి మాట గమనించండి. నీకు ఝానం వచ్చింది అనలేదు, ముందుముందు కారణమవుతుంది అంది. అహేతుకులకి కూడా కామావచర కుశల చిత్తాలు (మామూలు లోకపు మంచి చిత్తాలు) కలుగుతాయి, అభిధమ్మం దాన్ని కాదనదు. అంటే జంతువు మనసులో మంచి కదలొచ్చు, సతి (ఎరుక) కూడా కలగొచ్చు, ఆ జన్మలో పండు మాత్రం పండదు. నేను "ఝానం రాదు" అన్నాను, "మంచి మనసు రాదు" అనలేదు. మొదటి పోస్టులో ఇది కూడా రాయాల్సింది, సుజాతగారూ సారీ.

కృష్ణా_కరకట్ట
కొంగజపం సంగతేంటి మరి? కదలకుండా ఉంటే ధ్యానం అయిపోతే మా కాలవ గట్టున కొంగలన్నీ అర్హంతులే (విముక్తి పొందినవాళ్లే). మహాబలిపురం రాతి శిల్పంలో కూడా ఒక పిల్లి ముందుకాళ్లు పైకెత్తి నిలబడి తపస్సు చేస్తుంటుంది, చుట్టూ ఎలకలు.

పాత_పుస్తకాలు
కరకట్ట గారు భలే చోట పట్టుకున్నారు, ఇది సుత్తాల్లోనే ఉంది. మజ్ఝిమ నికాయం 50లో, వెనకటి కకుసంధ బుద్ధుడి కాలంలో మారుడు (సాధనకి అడ్డుపడే దుష్టశక్తి) జనాన్ని ఎగదోసి భిక్షువుల్ని తిట్టిస్తాడు. తలలు వంచుకుని భుజాలు వాల్చుకుని ధ్యానం ధ్యానం అంటారు, కొమ్మ మీద ఎలక కోసం చూసే గుడ్లగూబ ధ్యానం చేసినట్టు, ఏటి ఒడ్డున చేపల కోసం నక్క చేసినట్టు, మూలన ఎలక కోసం పిల్లి చేసినట్టు, బరువు దించిన గాడిద చేసినట్టు అని. అచ్చం మన కొంగజపమే. అక్కడ గుడ్లగూబకి వాడిన క్రియాపదమూ భిక్షువుకి వాడేదీ ఒకటే, ఝాయతి (ధ్యానిస్తాడు). అంటే మాట ఒకటే, మనసు దేనిమీద నిలిచిందన్నదే తేడా. 108వ సుత్తంలో ఆనందుడు కూడా ఇదే అంటాడు, బుద్ధుడు ప్రతి ధ్యానాన్నీ మెచ్చుకోలేదు, కామంతోనో ద్వేషంతోనో నిండిన మనసుతో దాన్నే తలుచుకుంటూ కూర్చోవడం కూడా ఒకరకం ఝాయనమే గానీ ఆయన మెచ్చింది అది కాదని.

ఇంకోటి, అంగుత్తర నికాయం (ఇంకో సుత్తాల సంకలనం) పదకొండుల విభాగంలో గుర్రం పోలిక ఉంది. మొండి గుర్రాన్ని గాట దగ్గర కట్టేస్తే "మేత, మేత" అని ధ్యానిస్తుంది. మేలుజాతి గుర్రం మేత గురించి కాకుండా ఇవాళ నన్ను తోలేవాడు ఏం పని చెప్తాడో, నేనేం చేయాలో అని ధ్యానిస్తుంది. సంధుడు అనే భిక్షువుకి చెప్పిన సుత్తం, మనుషుల ధ్యానం గురించే చెప్పింది.

డల్లాస్_శీను
మా పిల్లిది మేత మేత కేటగిరీ, డౌటే లేదు.

గుట్టకింది_మల్లన్న
శీనన్నా నీ పిల్లికి టైమర్ గంట ఎరుకయిందంటే ఆనాపానం (శ్వాస ధ్యానం) గిట్ల మంచిగనే జేస్తున్నట్టు.

హేతువాది_ఏలూరు
చిలుక మాట్లాడ్డం, సన్యాసినికి జవాబు చెప్పడం, ఇవన్నీ కథలండీ. నీతి బోధించడానికి రాసుకున్నవి. వీటిని పెట్టుకుని కుక్క ధ్యానం చేస్తుందని తేలుస్తామా?

బావికొండ_బాబు
ఏలూరు గారూ కథలే అనుకుందాం. అయినా ఎవరు ఎందుకు చెప్పుకున్నారో చూడాలి కదా. జాతకాల్లో బోధిసత్త్వుడు ఏనుగయ్యాడు, కుందేలయ్యాడు, లేడయ్యాడు, కోతయ్యాడు. ఛద్దంతుడనే ఏనుగు కథ అజంతా 10వ గుహలో ఉంది, మళ్లీ 17లో కూడా ఉంది. మన అమరావతిలో చెక్కిన నాళాగిరి (బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన మదపుటేనుగు) చక్రం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, వెళ్లినోళ్లు చూసే ఉంటారు, ఒకే రాతిలో ఒకవైపు ఏనుగు జనాన్ని తొక్కుతోంది, రెండోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లింది. నేను మూడుసార్లు వెళ్లి చూశా. దాని ముందు నిలబడితే ఏనుగుకి మనసు లేదు అనాలనిపించదు. బుద్ధుడు దాన్ని లొంగదీసిన మెత్త (మైత్రీభావం) తగిలేది మనసుకే కదా, మనసే లేకపోతే ఆ మెత్త ఎక్కడికి పోయి తగిలింది?

హేతువాది_ఏలూరు
మనసు లేదని నేను ఎప్పుడన్నాను. జంతువులకి చైతన్యం ఉందని 2012లో కేంబ్రిడ్జిలో శాస్త్రవేత్తలు ప్రకటన కూడా చేశారు, నేను దాన్ని ఒప్పుకుంటా. ధ్యానం అంటే మాత్రం మనసుని మనసు గమనించుకోవడం, అది ఉందో లేదో బయట్నించి చూసి చెప్పలేం అంటున్నా.

బావికొండ_బాబు
అదైతే పక్కన కూర్చున్న మనిషి గురించి కూడా చెప్పలేం.

హేతువాది_ఏలూరు
ఆ మాట ఒప్పుకుంటా.

నిశ్శబ్దం_62
నాకు తెలిసినంతలో ఈ ప్రశ్నకి దగ్గరగా వచ్చేది మజ్ఝిమ నికాయం 51. పేస్సుడని మావటివాడి కొడుకు బుద్ధుడితో అంటాడు, మనుషులు చిక్కుపడ్డ పొదలాంటివాళ్లు, జంతువులు తేటగా కనబడతాయి అని. నా ఏనుగు చంపానగరం వెళ్లొచ్చేలోపు దాని జిత్తులూ వంకరలూ అన్నీ బయటపెట్టేస్తుంది, మా పనివాళ్లు మాత్రం ఒకటి చేస్తారు, ఇంకోటి చెప్తారు, మనసులో వేరేది అనుకుంటారు అంటాడు. బుద్ధుడు కాదనలేదు, అవును పేస్సా అన్నాడు. నేను ముప్ఫై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాను, ఆ మాట నిజమని నాకు తెలుసు.

జెన్_గుమ్మం
మహాయానం వైపు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి. చైనాలో తాంగ్ కాలంలో జావోజౌ అనే గురువుని (జపాన్‌లో జోషూ అంటారు) ఒక సన్యాసి కుక్కకి బుద్ధస్వభావం ఉందా అని అడిగితే "వు" అన్నాడు, లేదు అని. ఇంకో సన్యాసి అదే అడిగితే "ఉంది" అన్నాడు. మహాయానంలో ప్రాణులన్నిటికీ బుద్ధస్వభావం ఉందనేది అప్పటికే అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం, మరి లేదని ఎందుకన్నాడు అనేదే శిష్యులు ఏళ్లతరబడి కూర్చుని నమిలే కోఆన్. ఉందా లేదా అని మనం ఇక్కడ కొట్టుకుంటున్నామే, సరిగ్గా ఆ కొట్టుకోవడాన్ని ఆపడానికే ఆ "వు" అని మా గురువు చెప్పేవారు.

అభిధమ్మ_అభ్యాసి
బుద్ధస్వభావం ఉండటం వేరు, ఈ జన్మలో సాధన చేయగలగడం వేరు. టిబెటన్లు కూడా జంతుజన్మని సాధనకి అవకాశంలేని ఎనిమిది స్థితుల్లో ఒకటిగానే లెక్కేస్తారు.

బైలకుప్పె_తెలుగు
లెక్కేస్తారు నిజమే, అయినా వాళ్లు చేసేది చూడండి. మూడేళ్లు ఇక్కడ బైలకుప్పెలో టిబెటన్ల మధ్య అద్దెకున్నా. మా ఇంటి ఓనరమ్మ ముసలి ఆవు చెవి దగ్గర రోజూ సాయంత్రం "ఓం మణి పద్మే హూం" చెప్పేది. ఆవుకి అర్థమవుతుందా అని అడిగితే, అర్థం కానక్కర్లేదు, చెవిన పడితే చాలు, విత్తనం పడుతుంది అంది. వసుబంధు అనే పాతకాలపు బౌద్ధ ఆచార్యుడు పారాయణం చేస్తుంటే రోజూ విన్న ఒక పావురమే మరుజన్మలో ఆయన శిష్యుడు స్థిరమతిగా పుట్టిందని వాళ్ల సంప్రదాయం.

పాత_పుస్తకాలు
థేరవాదంలో కప్ప కథ కూడా అదే దారిలో ఉంటుంది. చంపాలో గగ్గరా చెరువు ఒడ్డున బుద్ధుడు ధర్మం చెప్తుంటే ఒక కప్పకి ఆ గొంతు బాగుందనిపించి దానిమీదే మనసు నిలిపింది. మాటలు అర్థమై కాదు, గొంతు. ఒక పశువులకాపరి వచ్చి కర్ర మీద ఆనుకుని తనూ వింటూ, చూసుకోకుండా ఆ కర్ర కప్ప తల మీదే మోపాడు. చచ్చిపోయి తావతింస దేవలోకంలో పుట్టింది. కాపరిని ఆ కథలో ఎవరూ తిట్టరు, నాకు అది కూడా నచ్చుతుంది. ఇద్దరూ వింటూనే ఉన్నారు.

సుజాత_సత్తెనపల్లి
కప్ప కథ రెండుసార్లు చదివాను. మా బుజ్జికి నా మాటలేవీ అర్థంకావు, గొంతు మాత్రం తెలుసు.

కృష్ణా_కరకట్ట
మనకి ఇది కొత్త కాదు కదండీ, శ్రీకాళహస్తి పేరే సాలెపురుగు, పాము, ఏనుగు. మా అమ్మమ్మ అయితే వాటి భక్తిని ఎప్పుడూ అనుమానించలేదు.

అభిధమ్మ_అభ్యాసి
అది శైవం, భక్తి. ఇక్కడ ప్రశ్న భావన గురించి. అమ్మమ్మగారి మీద గౌరవంతోనే అంటున్నా.

ఇదే పద్ధతిలో వినయపిటకంలో (భిక్షువుల నియమాల గ్రంథం) నాగుడి, అంటే పాముజాతివాడి, కథ ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి. ఒక నాగుడు తన జన్మ మీద విసుగుపుట్టి మనిషి వేషంలో వచ్చి భిక్షువయ్యాడు. నిద్రలో అసలు రూపం వచ్చేసి గదంతా చుట్టలు నిండి కిటికీల్లోంచి బయటికొచ్చాయి, తోటి భిక్షువు కేక పెట్టాడు. బుద్ధుడు చెప్పాడు, మీ నాగులకి ఈ ధర్మవినయంలో ఎదుగుదల లేదు, వెళ్లి చతుర్దశి, పున్నమి అమావాస్యలు, అష్టమి రోజుల్లో ఉపోసథం (వ్రతం) ఆచరించు, దాంతో త్వరగా మనిషి జన్మ వస్తుంది అని. నాగుడు ఏడుస్తూ వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఉపసంపదలో (భిక్షువుగా చేర్చుకునేటప్పుడు) "నువ్వు మనిషివేనా" అని అడిగేది అందుకే. నేను ఈ కథని ఎన్నేళ్లుగానో నిషేధం కోణంలోనే చదివాను. ఇవాళ మీ అందరి పోస్టులు చూశాక, పంపేస్తూ కూడా చేతిలో ఒక సాధన పెట్టి పంపాడు కదా అనిపిస్తోంది.

నిశ్శబ్దం_62
అభ్యాసి గారూ ఈ మాట రాసినందుకు నమస్కారం.

గుట్టకింది_మల్లన్న
గదే నేను మొదలు చెప్పిన ముచ్చట 😀 బర్లకు గిట్ల ఒక రోజు పెట్టుండ్రి.

బావికొండ_బాబు
సుజాత గారూ, అశోకుడి రెండో శిలాశాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉంది. మనుషులకీ పశువులకీ ఇద్దరికీ వైద్యం ఏర్పాటు చేశాను, మందుమొక్కలు లేని చోట తెప్పించి నాటించాను, దారిపొడుగునా బావులు తవ్వించాను అంటాడు. ధర్మం జంతువు దాకా ఎలా వెళ్తుందంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే. బుజ్జికి మీరు వేసే మందు కూడా ఆ లెక్కలోదే.

సుజాత_సత్తెనపల్లి
మూడు వారాల తర్వాత రాస్తున్నా. మీరందరూ చెప్పినవి నోట్‌బుక్‌లో రాసుకున్నా. ఆదివారం ఆ పెద్దాయనకి చిలుక కథ చెప్పాను, ఆయన ఎప్పుడూ వినలేదట, మళ్లీ చెప్పించుకుని విన్నారు. చివర్లో కుక్క ఎలా ఉందమ్మా అని అడిగారు.

బుజ్జి ధ్యానం చేస్తోందా లేదా అన్నది ఇప్పుడు నన్ను అంతగా తినట్లేదు. కూర్చున్నాక చివర్లో ఖంధ పరిత్తం (రక్షగా చదివే పాళీ పాఠం) గొంతెత్తి చదువుతున్నా, కాళ్లు లేని వాటికి నా మెత్త, రెండు కాళ్లవాటికి, నాలుగు కాళ్లవాటికి, ఎన్నో కాళ్లున్న వాటికి అని వస్తుంది కదా. చతుప్పదేహి మే మెత్తం అనే చోట నా గొంతు కొంచెం పైకి లేస్తుందేమో, దాని చెవి అటు తిరుగుతుంది, రోజూ అక్కడే. నిన్నట్నించి మాత్రం చాప దగ్గరికి రాలేకపోతోంది, వెనక కాళ్లు నిలవట్లేదు. ఇవాళ పొద్దున నేనే చాప తీసుకెళ్లి దాని పక్కన వేసుకుని కూర్చున్నా.

పశువుల_డాక్టరు
కింద గోనెపట్టా మడతపెట్టి పైన మెత్తటి పాత చీర వేయండి. మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టండి, లేకపోతే పుళ్లు పడతాయి. నీళ్లగిన్నె మూతి దగ్గరే ఉంచండి, తల ఎత్తలేకపోతే చెంచాతో కొంచెం కొంచెం పట్టండి. రాత్రి ఏదైనా తేడాగా అనిపిస్తే ఇక్కడ మెసేజ్ పెట్టండి, నేను మెలకువగానే ఉంటా.